దరఖాస్తుకు ఫారం దారి మూసేయొద్దు

ఆన్‌లైన్‌లో ఆదాయ ధ్రువపత్రానికో, స్కాలర్‌షిప్‌కో దరఖాస్తు నింపి ‘సబ్మిట్’ నొక్కితే ఆ వివరాలు సర్వర్‌కు చేరేది ముఖ్యంగా రెండు దారుల్లో. బ్రౌజర్ తనంతట తానే పంపగల పాత ఫారం పద్ధతి ఒకటి. జావాస్క్రిప్ట్ మూటగట్టి పంపే జేసన్ రెండోది. జేసన్ తప్ప ఇంకోటి ముట్టని సర్వర్ రాయడం ప్రోగ్రామర్లకు సుఖమే. కానీ జనం వాడే సేవల్లో, అందులోనూ పత్రాలు జతచేయాల్సిన చోట, ఫారం దారి తెరిచి ఉంచాల్సిందే. జేసన్‌లో అక్షరాలకే చోటు. స్కాన్ కాపీని బేస్64 అక్షరాలుగా మార్చి ఇరికిస్తే ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి, 3 ఎంబీల ఫైలు 4 ఎంబీలకు పెరుగుతుంది. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో ఆ అదనపు ఎంబీ భారం దరఖాస్తుదారుడిదే. ఫైలును ఉన్నదున్నట్టు పంపే మల్టీపార్ట్ ఫారం 1995లోనే ప్రతిపాదనకు వచ్చింది. పైగా మామూలు ఫారానికి స్క్రిప్ట్ అక్కర్లేదు. జేసన్ పేజీలో స్క్రిప్ట్ లోడ్ కాలేదా, బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలకదు పలకదు.

ఫారంలో అంకె కూడా ఉత్త అక్షరాల వరసే, జేసన్‌లో అంకె అంకెగానే ఉంటుందని వాదిస్తారు. నిజమే, కానీ ఆ గొప్పే ఒక్కోసారి కొంప ముంచుతుంది. 9007199254740993 అనే ఖాతా నంబరును జేసన్‌లో అంకెగా పెడితే జావాస్క్రిప్ట్ దాన్ని చివర 2తో చదువుతుంది. ఎర్రర్ కూడా రాదు. ఖాతా నంబరుతో కూడికలు చేయం కదా, అది అక్షరాలుగా ఉంటేనే క్షేమం. తెలుగు సంగతిలో మాత్రం విమర్శకుల మాటలో పస ఉంది. ‘తెలుగు’ అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు. సాదా ఫారం ఒక్కో బైటునూ శాతం గుర్తు పెట్టి మూడక్షరాలు చేస్తుంది కాబట్టి అది 54 అవుతుంది. మల్టీపార్ట్‌లో ఈ బెడద లేదు. వేరే సైటు మన పేరుతో ఫారం పంపేయగలదన్న భయమూ ఉత్తది కాదు. దానికి ప్రతి ఫారంలో రహస్య టోకెన్ పెట్టడం పాత మందే. వచ్చింది నిజంగా జేసనేనా అని తనిఖీ చేయని సర్వర్‌కు జేసన్ వాడినా ఆ ముప్పు తప్పదు.

కుటుంబ సభ్యులు, ఒక్కొక్కరికీ మళ్లీ వివరాలు, ఇలా గూడులో గూడుగా ఉండే సమాచారానికి జేసనే హాయి. రెండూ ఒకేచోట ఇమడవన్నది అపోహ. ఎన్నో లాగిన్ వ్యవస్థలకు ఆధారమైన ఓఆత్ 2.0 ప్రమాణం 2012 నుంచీ టోకెన్ అభ్యర్థనను ఫారంగా తీసుకుని, జవాబు జేసన్‌లో ఇస్తోంది.