పరగడుపు మాత్ర

మల్కాజ్‌గిరిలో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దలున్న ఇళ్లలో బీపీ, షుగర్ మాత్రల పక్కనే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర కూడా కనిపిస్తుంది. ఎప్పుడో కొన్ని వారాలకని రాసింది ఏళ్ల తరబడి సాగుతుంటుంది. నా దిగులంతా అదే. ఈ గ్యాస్ మాత్రల్లో ఒకటైన ఒమెప్రజోల్‌ను వయసు మీదపడ్డాక కాలేయం నెమ్మదిగా విచ్ఛిన్నం చేస్తుంది. మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. మరో గ్యాస్ మాత్ర ఫామోటిడిన్ ఎక్కువగా మూత్రపిండాల గుండా పోతుంది. అవి మందగిస్తే మోతాదు తగ్గించాలి. ఏళ్లపాటు కడుపులో ఆమ్లం అణిగి ఉంటే విటమిన్ బి12 ఒంటబట్టడం తగ్గొచ్చు, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ కూడా వాడేవారికి మరింతగా. పెద్దవయసులో జాగ్రత్తపడాల్సిన మందులపై అమెరికా వైద్యుల బీర్స్ జాబితా 2015లోనే, 65 దాటినవారికి తగిన కారణం లేకుండా ఒమెప్రజోల్ తరహా మందులు 8 వారాలు మించవద్దంది. అలాగని రేపే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే మంట తిరగబెట్టొచ్చు. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు వాడే కొందరికి కడుపులో రక్తస్రావం కాకుండా కాపాడేది ఈ మాత్రే. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పాత చీటీ చూపించి, ఇది ఇంకా కావాలా అని అడగండి.