జాలి వద్దు, ఆర్డరు ఇవ్వండి

గత దీపావళికి ముందు మా పాఠశాల ఆవరణలో చిన్న మేళా జరిగింది. అందులో ఒక స్టాలు దివ్యాంగుల శిక్షణ కేంద్రం వారిది. మేధోపరమైన వైకల్యం ఉన్న యువతీ యువకులు తయారు చేసిన రంగు ప్రమిదలు, కాగితపు సంచులు, ఫైలు కవర్లు అక్కడ అమ్మకానికి పెట్టారు. మేము ఎనభై రూపాయల వస్తువులు కొని, వంద నోటు ఇచ్చి, "చిల్లర ఉంచుకోండి అక్కా" అన్నాం. ఆమె ఇరవై రూపాయలు లెక్కపెట్టి మా చేతిలోనే పెట్టారు. "చిల్లర వద్దమ్మా. మీ స్కూల్లో ఏడాదికి ఎన్ని ఫైళ్లు వాడతారో కనుక్కుని ఆర్డరు ఇప్పించండి, అది చాలు" అన్నారు.

ఆ మాటకు మొదట మేము కాస్త చిన్నబుచ్చుకున్నాం. తరువాత ఆలోచిస్తే ఆమె చెప్పిందే నిజమనిపించింది. ప్రమిదలు దీపావళికే అమ్ముడవుతాయి. మిగతా పదకొండు నెలలు ఆ చేతులకు పని ఎక్కడిది? మేము వదిలేసిన చిల్లర ఆ ఒక్క సాయంత్రానికే. ఆర్డరు ఉంటే ఏడాది పొడవునా పని ఉంటుంది.

మా ఉపాధ్యాయుల సాయంతో రెండు వందల ఫైలు కవర్లకు ఆర్డరు ఇప్పించాం. మొదట వచ్చిన వాటిలో చాలావరకు అంచులు సమంగా లేవు. "పాపం, ఏమంటాంలే" అని ఊరుకోబోయాం. చివరికి ధైర్యం చేసి చెప్పాం. ఆ అక్క నొచ్చుకోలేదు. "చెప్పినందుకు మంచిదైంది. చాలామంది ఏమీ అనరు, మళ్లీ కొనరు" అన్నారు. వారం తిరిగేసరికి కొత్త కవర్లు వచ్చాయి. ఒక్క అంచూ వంకర లేదు. బల్లకు ఒక చెక్కపట్టీ బిగించి, అట్టను దానికి ఆనించి మడిచేలా ఏర్పాటు చేశారట. పనివాళ్లు మారలేదు, పని చేసే పద్ధతి మారింది.

పన్నెండో తరగతి కామర్స్ విద్యార్థులుగా మేము ప్రణాళిక, వ్యవస్థీకరణ, సిబ్బంది నియామకం, నిర్దేశం, నియంత్రణ అని మేనేజ్‌మెంట్ విధులను వల్లె వేస్తుంటాం. వాటి అర్థం ఆ చెక్కపట్టీ దగ్గర తెలిసింది. మనిషికి ఏది రాదో వెతికేవారు ఉద్యోగం ఇవ్వలేరు. పనిని ఎలా అమర్చితే ఆ మనిషి చేయగలడో వెతికేవారే ఇవ్వగలరు.

దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణలు ఉన్నాయి. 2009లో ముంబైలో ధ్రువ్ లాక్రా మిరకిల్ కొరియర్స్ సంస్థను ప్రారంభించి, వినికిడి లేని యువతను ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. ఉత్తరం అందించడానికి చిరునామా చదవడం, దారి గుర్తుంచుకోవడం ముఖ్యం. ఫోనులో చెప్పాల్సింది మెసేజ్‌లో చెప్పవచ్చు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టుకతోనే చూపు లేకుండా జన్మించిన శ్రీకాంత్ బొల్లా, పది తరువాత సైన్సు చదవడానికి కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. అమెరికాలోని ఎమ్‌ఐటీలో చదివి తిరిగివచ్చి, 2012లో హైదరాబాదు కేంద్రంగా బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. పర్యావరణానికి హాని చేయని ప్యాకింగ్ సామగ్రి తయారు చేసే ఆ సంస్థ ఎందరో దివ్యాంగులకు ఉపాధి చూపింది.

అయినా ఇవి ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేటట్టే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు ఉన్నారు. వారిలో ఏదో ఒక పని చేస్తున్నవారు సుమారు 36 శాతమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. ప్రైవేటు రంగంలో సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా ప్రోత్సాహకాలు ఇవ్వాలంది. కానీ ప్రోత్సాహకం చూసి చేర్చుకున్నవారిని నిలబెట్టుకోవాలంటే నిర్వహణ తెలియాలి.

"పని నెమ్మదిగా సాగదా? ఖర్చు పెరగదా?" అని కొందరు అడుగుతారు. కొన్ని పనుల్లో నిజమే. ర్యాంపులకు, సంజ్ఞాభాష తెలిసిన సిబ్బందికి, రాకపోకలకు అదనంగా ఖర్చవుతుంది. ఆ నిజాన్ని దాచిపెట్టే సంస్థ ఎక్కువ కాలం నిలవదు. ఏ ఖర్చు అమ్మకాల నుంచి రావాలి, దేనికి ప్రభుత్వ సాయమో విరాళమో కావాలి అన్నది వేరువేరు ఖాతాల్లో రాసుకోవాలి. ఒక్కటి మాత్రం తగ్గించకూడదు, అది జీతం. శిక్షణ పేరుతో ఏళ్ల తరబడి కొద్దిపాటి భత్యంతో పని చేయించుకోవడం సేవ అనిపించుకోదు. శిక్షణకు ఒక గడువు ఉండాలి. ఆ తరువాత ఇచ్చేది జీతమే కావాలి.

ఇది మాకు దూరపు విషయం కాదు. చూపు బాగా తక్కువ ఉన్న మిత్రుడు ఒకడు మా తరగతిలోనే ఉన్నాడు. అకౌంట్స్‌లో మా అందరికంటే అతనికే మార్కులు ఎక్కువ. "మార్కులు సరే, రేపు నాకు ఉద్యోగం ఎవరిస్తార్రా?" అని ఒకరోజు అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. నాలుగైదేళ్లలో మాలో కొందరం సంస్థలు నడుపుతాం, ఉద్యోగులను ఎంపిక చేస్తాం. అతని ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అప్పుడు మేమే.

ఈలోగా చేయగలిగింది చేద్దాం. పాఠశాలకు కావలసిన ఫైళ్లు, సంచులు, బహుమతి వస్తువులు ఇలాంటి కేంద్రాల నుంచి ప్రతి ఏడూ తెప్పించమని మా ప్రిన్సిపల్‌గారిని కోరాం. మీరూ మీ పాఠశాలల్లో అడగండి. వస్తువు బాగుంటే మళ్లీ కొనండి, బాగా లేకపోతే మొహమాటపడకుండా చెప్పండి. చిల్లర మాత్రం లెక్కపెట్టి తీసుకోండి.

— పన్నెండో తరగతి కామర్స్ విద్యార్థులు