రంగుల పేర్లు తెలియవలెను

కంటికి ఇంపైన రంగు ఒంటికి మేలు చేయునదే కావలెనను నియమము లేదు. నేడు త్రాగునీటి సీసా మొదలు ఆటబొమ్మ వరకు అనేక వస్తువులు ప్లాస్టిక్కుతో తయారగుచున్నవి. ప్లాస్టిక్కులలో పెక్కింటికి స్వతస్సిద్ధముగా రంగు లేదు. కొన్ని పాలవలె తెల్లగా నుండును. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మొదలగు వన్నెలు వానిలో కలిపిన పదార్థములవలన వచ్చినవే. ఆ పదార్థము లెట్టివో తెలిసికొను హక్కు వాడువారికి కలదు. అందుకు వాని పేర్లును, ప్రమాణములును మన భాషలో నుండవలెనని నా అభిప్రాయము.

రంగుల విద్య మన ప్రాంతమునకు క్రొత్త కాదు. శ్రీకాళహస్తి 2022 వరకు చిత్తూరు జిల్లాలోనిది. ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. అచటి కలంకారీ పనివారు బట్టను కరక్కాయతో సిద్ధపరతురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి, నల్లని గీతలకు కసిం చేయుదురు. పటికతో ఎరుపును నిలుపుదురు. ఏ రంగు బట్టను పట్టునో, ఏది నీటికి పోవునో వారెరుగుదురు. ప్రతి వస్తువునకు నోటికి తిరిగిన పేరుండుటవలననే ఆ విద్య గురువునుండి శిష్యున కందినది.

ప్లాస్టిక్కు రంగులలోను ఇట్టి భేదమే కలదు. కొన్ని రంగులు ప్లాస్టిక్కులో కరగి కలిసిపోవును. వానిని రంజకము లందము. కొన్ని కరగక, సన్నని పొడిగానే అంతట వ్యాపించి యుండును. వానిని వర్ణకము లందము. కరగిన రంగు నూనె తగిలినను, వేడి తగిలినను సులభముగా కదలును. వర్ణకములు సాధారణముగా అంత సులభముగా కదలవు. కాని వానిలోను సీసము, కాడ్మియము గల పసుపు, ఎరుపు పొడులున్నవి. సీసము పసిబిడ్డల మెదడు ఎదుగుదలను చెరచును. ప్లాస్టిక్కులోని పదార్థము ఆహారములోనికి దిగుటను శాస్త్రజ్ఞులు వలస యందురు. వానలు లేని యేట ఊరు విడిచి పోవువారిని చూచిన రాయలసీమ బిడ్డలకు ఈ మాటను విడమరచి చెప్ప పనిలేదు.

మన దేశమున నియమములు లేకపోలేదు. ఆహారము, మందులు, త్రాగునీరు తాకెడి ప్లాస్టిక్కులలో ఏ రంగులు వాడదగునో ఐ.ఎస్. 9833 అను భారతీయ ప్రమాణము తెలుపుచున్నది. చేతిసంచి రంగు కలుపనిదై యుండవలెను, లేదా ఆ ప్రమాణమునకు లోబడిన రంగులతోనే చేయబడవలెనని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థముల నిబంధనలు విధించినవి. ఆహారపు ప్యాకింగులనుండి వలసపోవు పదార్థము కిలో ఆహారమునకు 60 మిల్లీగ్రాములు మించరాదనియు, కంటికి కనబడునట్లు రంగు దిగనే రాదనియు 2018 నాటి నిబంధనలు చెప్పినవి. చేతిపనివారికిచ్చిన మినహాయింపులు తప్ప, ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర 2021 జనవరి 1 నుండి తప్పనిసరియైనది.

నియమములున్నను, అవి ఎవరికి తెలిసినవి? చట్టము ఇంగ్లీషులో నున్నది. రంగుసంచిలో వేడి సాంబారు పోయుచున్నవాడు తెలుగువాడు. శాస్త్రపదములకు తెలుగు పేర్లు పెట్టినచో అవి మరింత కఠినమగునని కొందరందురు. నోరు తిరుగని సమాసములు కూర్చినచో అది నిజమే. అందుకే ప్లాస్టిక్కును ప్లాస్టిక్కనియే అందము. వాడుకలో స్థిరపడిన మాటను తొలగింప నక్కరలేదు. కాని వలస వంటి మాట మన యింటనే యుండగా దానిని వాడకుండుట తగదు. హెచ్చరిక అర్థమైననే అది రక్షణ యగును.

బాలబాలికలారా! బొమ్మ కొనునపుడు ముద్ర యున్నదేమో చూడుడు. వేడి పదార్థమును, నూనె పదార్థమును రంగుసంచిలో పోయించుకొనక, ఇంటినుండి స్టీలు గిన్నె తీసికొనిపొండు. చదువురాని పెద్దలకు ఈ ముద్రల అర్థమును మీరు తెలుగులో చెప్పుడు. మీరు నేర్చిన అక్షరము ఒక పసిబిడ్డ ఆరోగ్యమును కాపాడినచో, చదువునకు అంతకు మించిన ఫలమేమి కావలెను?