ఏజెన్సీ దారులు – పాత జీపులు

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు వానలు పడినంతనే భద్రాచల మన్యమున దారి యను మాటకు అర్థము మారిపోవును. ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచలమీదుగా భద్రాచలమునకు తారురోడ్డు గలదు. దానిపై నెట్టి కారైనను పోవును. ఆ రోడ్డు విడిచి గుండాల, చర్ల, ములకలపల్లి మండలములలోని లోపలి గూడెములకు పోగోరువానికి మాత్రము మొదటి వాగుకడనే కారు పనికిరానిదగును. అచ్చట పనికివచ్చునది ముప్పది నలువదియేండ్ల ఫోర్ వీల్ జీపు. పట్టణమున తుక్కనిపించుకొన్న యా బండిపైననే, పురిటినొప్పులు పడు కోయ స్త్రీ ప్రాణమును, పాముకాటు తిన్న కూలివాని ప్రాణమును ఆధారపడియుండు రాత్రులు గలవు. జీపు పోలేని చోట డోలీయే గతి. కావున ఈ వారము ఆ పాతబండినిగూర్చి వ్రాయుచున్నాము. రాజ్యాంగ విషయములు చర్చింపవలసిన పుటలో ఈ యినుపసామాను గొడవ యేమని పఠనమందిరములలో నవ్వుకొను మిత్రులు కొంచె మోపికపట్టుదురుగాక.

జీపు పుట్టుకకు విదేశీయమే. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యముకొఱకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు 1941 మొదలు 1945 వఱకు ఆరు లక్షలకు పైబడి ఈ బండ్లను తయారుచేసెను. 1945లోనే లూధియానాలో మహీంద్రా సోదరులు మాలిక్ గులాం మహమ్మదుతో కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ అను సంస్థను స్థాపించిరి. విభజనానంతరము గులాం మహమ్మదు పాకిస్తానునకు పోయి ఆ దేశమునకు తొలి ఆర్థికమంత్రియు, పిదప గవర్నరు జనరలును అయ్యెను. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారెను. విల్లీస్ జీపు సామాను తెప్పించి బొంబాయిలో కూర్చుటతో మొదలిడి, క్రమముగా ఈ దేశముననే తయారుచేయు స్థితికి వారు వచ్చిరి. మన ప్రాంతమున నేటికిని కానవచ్చు ఎమ్మెమ్ 540 జీపు ఆ వంశములోనిదే. దాని డీజిలు ఇంజను ఫ్రెంచి పెజో కంపెనీవారి నమూనా. 1985లో వచ్చిన మారుతీ జిప్సీ మఱియొక శాఖ. అది తేలికైన పెట్రోలు బండి. అయినను ఈ జీపులను ఇన్నేండ్లు బ్రతికించినది కర్మాగారము కాదు. ఖమ్మము, కొత్తగూడెములలోని రేకుల షెడ్డులలో, దొరకని బుష్షును లేతు మిషనుపై త్రిప్పించి, విరిగిన పట్టీని కొలిమిలో సాగగొట్టి బండిని మరల నిలబెట్టిన మేస్త్రీలే దానికి ఆయుష్షు పోసిరి. స్వదేశీ యను మాటకు మాకు తోచునంతలో ఇంతకంటె మంచి యుదాహరణము లేదు. ఆ మేస్త్రీల పేర్లు ఏ చరిత్రలోను కానరావు.

ఈ బండి బలమెందున్నదో తెలియక చాలమంది దానిని పాడుచేయుచున్నారు. జీపులో గేరుపెట్టె వెనుక మఱియొక పెట్టె గలదు. ఒక లివరు కదిపిన ఇంజను బలము ముందుచక్రములకు కూడ చేరును. లో గేరు వేసిన వేగము తగ్గి, లాగు శక్తి సుమారు రెండున్నర రెట్లగును. ఈ లో గేరే అడవిదారిలో ముఖ్యము. బురదలోను బండరాళ్ళలోను వేగముతో దూకించువాడు బండిని విఱుచును. లో గేరులో నడకవలె పోవువాడు ఊరు చేరును. ఫోర్ వీలు వేసి తారురోడ్డుపై నడుపుటయు పెద్ద తప్పే. మలుపులో ముందు చక్రములు వెనుకవానికంటె నెక్కువ దూరము తిరుగవలెను. ఆ తేడా బురదలో జారి సరిపోవును గాని తారుపై సరిపోదు. అప్పుడు లోపలి పళ్ళును షాఫ్టులును బిగిసి అఱిగిపోవును. ఇంకొక రహస్యము గలదు. ఒక ఇరుసుపైనున్న రెండు చక్రములలో ఏది జారునో దానికే తిరుగుడంతయు పోవును. అందుచే ముందొకటి వెనుకొకటి గాలిలో లేచిన యెడల, నాలుగు చక్రముల బండియైనను ఉన్నచోటనే నిలుచును. పేరు ఫోర్ వీలైనంతమాత్రమున ఎక్కడికైనను పోవునని నమ్మి వాగులో దింపినవారిని మే మెఱుగుదుము.

2022 జూలైలో గోదావరి భద్రాచలమున 71.3 అడుగులకు పొంగిన వారము చదువరులకు జ్ఞాపకముండును. 1986 ఆగస్టునాటి 75.6 అడుగుల తరువాత అంతటి వఱద లేదు. నీరు తీసిన పిదప బూర్గంపాడు, అశ్వాపురము ప్రాంతములకు బియ్యపు బస్తాలు, టార్పాలిన్లు చేరవేయుటకు వాలంటీరులముగా పోయిన వారిలో మేమును ఉంటిమి. మాకు రెండు జీపులు దొరికెను. మొదటిది ఒక మిత్రునిది. ఎత్తుగా లేపబడి, వెడల్పయిన పెద్ద టైర్లతో చూడ ముచ్చటగా నుండెను. రెండవది ఒక డ్రైవరు జీవనాధారము; రంగు వెలిసి, పైకప్పు గుడ్డకు మాసికలు పడి, పుట్టినప్పటి సన్నని టైర్లకొలతతోనే యుండెను. ఎత్తుబండి మొదటి దిన మధ్యాహ్నముననే ఒక చిన్న కాలువ గట్టెక్కుచు ముందు షాఫ్టు క్రాసు విఱిచికొనెను. బండి నెత్తినపుడు షాఫ్టు వాలు పెరిగి క్రాసుపై భారము హెచ్చినది. ఆపై బరువైన చక్రములు. విఱుగుటలో వింత లేదు. బస్తాలన్నియు రెండవ జీపులోని కెక్కించితిమి.

ఆ రెండవదియు నిర్దోషి కాదు. మఱునాడు నీటిలోనుండి వెలువడి పల్లమునకు దిగుచుండగా బ్రేకు పట్టలేదు. మాకు గుండె జల్లుమనెను. డ్రైవరు గేరుతో బండి నాపి, తాపీగా, "బ్రేకులు తడిసినయి వకీలు సారూ, నొక్కిపట్టి నాలుగడుగులు పోనిస్తే ఆర్తయి" అనెను. అట్లే ఆరినవి. అంతటితో ఊరకుండక, ఆ రాత్రి లాంతరు వెలుగున నాలుగు డ్రమ్ములు నూడదీసి బురద కడిగి, ఇరుసుల నూనె బిరడా విప్పి వ్రేలితో తీసి చూచెను. నూనె పాలవలె తెల్లబారినచో నీరు చేరినదని యర్థము. వెనుక ఇరుసున అట్లే యుండెను. ఉన్నదంతయు పారబోసి క్రొత్తనూనె పోసినగాని అతడు నిదురపోలేదు. మేము న్యాయవాదవృత్తిలో నిరువదియేండ్లకు పైగా కాగితములు పరీక్షించుచున్నాము. అంతటి శ్రద్ధతో ఒక్క దస్తావేజునైనను పరీక్షించితిమా యని ఆ రాత్రి సందేహము కలిగెను.

ఇరుసులోనికి నీ రెట్లు చేరినదని మఱునాడతనిని అడిగితిమి. అతడు చెప్పినదే ఈ వ్యాసమునకు మూలము. దూరము నడచి వేడెక్కిన ఇరుసు చల్లని వాగునీట మునిగిన తోడనే లోపలి గాలి కుంచించుకొనును. ఆ లోటు పూడ్చుటకు పైనున్న యూపిరి రంధ్రమునుండియు, అఱిగిన సీళ్ళనుండియు నీటిని లోనికి పీల్చును. దీనికి విరుగుడు, ఆ యూపిరి రంధ్రమునకు రబ్బరు గొట్టము తగిలించి బానెట్టు క్రిందివఱకు ఎత్తుగా కట్టుట. వేలు పోసి టైర్లు మార్చువారిలో పదిమందికి ఒకడైనను ఈ చవుక గొట్టమును తగిలించునో లేదో!

బండిని అడవికి తగినట్లు మార్చదలచినవారు ఇట్టి వానితో మొదలిడిన బాగుండును. ముందు వెనుక చాసిస్సునకు గట్టిగా బిగించిన లాగుడు కొక్కెములు, మంచి మోకు, చేతిపంపు, టైరులోని గాలి కొలుచు మీటరు. ఇసుకలోను మెత్తని నేలలోను గాలి కొంత తగ్గించిన టైరు పాదము పఱచుకొని దిగబడక సాగును; తారురోడ్డు చేరిన వెంటనే మరల కొట్టవలెను, లేనిచో టైరు వేడెక్కి చిట్లును. కమాను కట్టలకు అదనపు పట్టీలు వేయించు అలవాటు మన ప్రాంతమున హెచ్చు. బరువు మోయుటకు సరియే గాని, బండి కఱ్ఱవలె బిఱుసై చక్రము గుంతలోనికి దిగక గాలిలో తేలును. తేలిన చక్రమునకే తిరుగుడు పోవునని పైన చెప్పియే యుంటిమి. ఇంజనులోనికి నీరు పోవుట అన్నిటికంటె ప్రమాదము. గాలివలె నీరు అణగదు. సిలిండరులో నీరు చిక్కినచో కనెక్టింగు రాడ్డు వంగిపోవును. అందుచే వాగు నడుమ బండి ఆగినపుడు మరల మరల స్టార్టు చేయుట ఆత్మహత్యవంటిది. త్రాడు కట్టి లాగించుటయే మార్గము. దిగక పూర్వమే ఒక మనిషి కఱ్ఱతో నడచి లోతు చూచిరావలెను. కిన్నెరసాని, తాలిపేరు వంటివి చూచుచుండగనే పెరుగు నీళ్ళు. మనిషి నడువలేని ప్రవాహమున బండిని దింపుట సాహసము కాదు, మూర్ఖత.

ఇక చట్టము మాట. మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా స్థిరపఱచినది. అదే సంవత్సరపు సవరణతో చేరిన 182ఎ సెక్షను, అనుమతి లేని ప్రతి మార్పునకు అయిదువేల రూపాయల జుల్మానాగాని, ఆరునెలలవఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునన్నది. చాసిస్సు కోసి పొడిగించుటయు, అనుమతి లేక వేఱు ఇంజను వేయుటయు ఈ నిషేధము క్రిందికి వచ్చును. ముందువైపు ఇనుపకమ్మీలను సహితము 2017 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ఈ సెక్షను క్రిందనే నిషేధించెను. జరిమానా కట్టి తప్పించుకొందమను వారికి మా యనుభవమునుండి ఒక మాట. ప్రమాదము జరిగిననాడు బీమా కంపెనీ ముందుగా వెదకునది ఈ మార్పునే. బాధితునకు సొమ్ము చెల్లించి పిదప యజమానినుండి రాబట్టుకొమ్మని న్యాయస్థానములు తీర్పు చెప్పుట కలదు. సొంతబండియని రిజిస్టరు చేయించి కిరాయికి జనుల నెక్కించువారి గతియు నిట్టిదే. ఒక్క ప్రమాదముతో జీపు మాత్రమే కాక పొలము కూడ పోవచ్చును.

ఈ మధ్య పట్టణములనుండి అలంకరించిన జీపులపై వినోదమునకు అడవి చొచ్చు యువకులు బయలుదేరుచున్నారు. వారి యుత్సాహమును మేము నిందింపము. కాని 1977లో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యము సుమారు 635 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. అందు ప్రవేశమునకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము హద్దులు విధించినది. రిజర్వు అడవిలో అనుమతిలేని ప్రవేశము 1967 నాటి అటవీ చట్టము క్రింద నేరము. చట్టము నటుంచినను, వానకాలమున మెత్తనిదారిపై పెద్ద టైర్లతో పోటీలుపడి త్రవ్విన గాడులలో మఱునాడు దిగబడునది గూడెమువాని ఎడ్లబండి. పోడు కట్టెలు తెచ్చుకొనిన కోయవానిని నిలదీయు అధికారులు ఈ బండ్లవైపు కూడ కన్నెత్తి చూచుట న్యాయము.

ప్రభుత్వమునకు మా విన్నపమొకటి గలదు. సొంతబండి రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. పిదప తనిఖీ చేయించి అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. ఆ రుసుము 2022 ఏప్రిలునుండి కారునకు ఆరువందలనుండి అయిదువేల రూపాయలకు పెరిగెను. పొగ మితిమీరినదియు, బ్రేకు పట్టనిదియునగు బండిని తుక్కుచేయవలసినదే. దానిలో మాకు వివాదము లేదు. కాని బండి యోగ్యతను పుట్టినతేదీనిబట్టి కాక బ్రేకునుబట్టి, స్టీరింగునుబట్టి, చాసిస్సు తుప్పునుబట్టి నిర్ణయింపవలెను. చర్లనుండియో గుండాలనుండియో జీపు తెచ్చి తనిఖీకై ఒకదినము కూలి పోగొట్టుకొనలేక పలువురు పత్రములే లేక నడుపుచున్నారు. ఆ పత్రములతోపాటు బీమాయు పోవుచున్నది. ఏటేట మే మాసములో, రోహిణి కార్తె ముగియకమున్నే, రవాణాశాఖవారు ఏజెన్సీ మండల కేంద్రములకే వచ్చి తనిఖీ శిబిరములు జరుపవలెను. భద్రాచలము ఐటీడీఏవారు కొందఱు మంచి మేస్త్రీలను వెంటబంపి, బ్రేకులు, సీళ్ళు అక్కడికక్కడే సరిచేయించినచో ఖర్చు స్వల్పము. ఈ కోరికను వ్రాతమూలకముగా జిల్లా కలెక్టరుగారికి పంపుచున్నాము. సంతకము చేయదలచిన జీపు యజమానులు రాబోవు ఆదివారములోగా మా కార్యాలయమునకు వచ్చునది.