చప్పట్లు ఆగిన తర్వాత మనకేం మిగిలింది?



ఆలోచనల సభలంటే ఈమధ్య మన పిల్లలకు బాగా తెలుసు. ఫోనులో చూస్తుంటారు, పట్నంలో ఏ కాలేజీలోనో జరిగితే వెళ్ళి కూర్చుంటారు. వెళ్ళొచ్చినవాడు రెండు రోజులు ఉత్సాహంగా ఉంటాడు. మూడో రోజుకు మళ్ళీ మామూలే. అది చూసి పెద్దవాళ్ళలో కొందరు "అదంతా మాటల సంత" అని తీసిపారేస్తున్నారు. మేము అలా అనము. ప్రేరణ మంచిదే. అయితే అది ఎవరి కోసం పనికి రావాలో తెలియకపోతే నిలువదు. ఈ వారము ఈ సంగతి కొంచెం ఆలోచించుదాము.

ఈ సభలకు మూలమైన టెడ్ 1984లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైంది. 2009 నుండి ఏ ఊరివారైనా అనుమతి తీసుకొని సొంతంగా జరుపుకొనేలా టెడ్ఎక్స్ వచ్చింది. చివరనున్న ఎక్స్‌కు అర్థం, స్థానికులు స్వతంత్రంగా ఏర్పాటు చేసుకున్నదని. ఒక్కొక్కరికి 18 నిమిషాలకు మించి ఇవ్వరు. మాట్లాడినందుకు డబ్బు ఇవ్వరు. మతప్రచారానికీ, రాజకీయానికీ, వ్యాపారానికీ ఆ వేదికను వాడనివ్వరు. ఈ నియమం విని కొందరు విశ్వాసులు "అయితే మనకక్కడ ఏం పని?" అంటారు. వినే పని ఉంది. ఆదివారం గంటసేపు మాట్లాడే మావంటివారు, ఒక్క సంగతి చెప్పి కూర్చోవడం ఎలాగో అక్కడ నేర్చుకోవచ్చు.

ఇటీవల సంఘం నుండి ఐదుగురం అలాంటి సభకు వెళ్ళివచ్చాము. పెద్ద పేరున్నవారి మాటలు త్వరగానే మరచిపోయాము. ఒక కష్టాన్ని చాలాకాలం దగ్గరగా చూసినవారి మాటలు మాత్రం గుర్తుండిపోయాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మన యౌవనస్థుడొకడు అడిగాడు: "మన ఊళ్ళో చెప్పుకోడానికి ఏముంది అయ్యగారూ?"

ఆ మాట మమ్మల్ని బాధపెట్టింది. ఎందుకంటే అది అతనొక్కడి మాట కాదు. డిగ్రీ చదివిన పిల్లలు చాలామంది ఊరంటే వదలిపోవలసిన చోటు అనుకుంటున్నారు. ప్రేరణ పట్నంలో ఉంటుంది, ఊళ్ళో కష్టమే ఉంటుంది అనుకొని అందరూ వెళ్ళిపోతే, ఆ కష్టాన్ని చూసేవారు ఎవరు?

చింతకింది మల్లేశం గారి సంగతి చూడండి. ఆయనది ఆలేరు దగ్గర శారాజీపేట. చేనేత కుటుంబం. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. పోచంపల్లి చీర నేయడానికి ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన యంత్రం చేయడానికి పూనుకున్నారు. 1992లో మొదలుపెట్టిన పని 1999లో ఒక కొలిక్కి వచ్చింది. మధ్యలో చేతిలో డబ్బు లేదు, చూసి నవ్వినవారు ఉన్నారు. చివరకు ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు: లక్ష్మి ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

గమనించండి. ఆయనను కదిలించింది వేదిక కాదు, తల్లి భుజం. ఆ నొప్పి నేత ఇళ్ళన్నిటికీ తెలిసినదే. రోజూ చూసే నొప్పి గనుకనే మనకు అది నొప్పిలా కనబడదు, "ఆ పని అంతే" అనిపిస్తుంది. కొత్త ఆలోచన పుట్టకుండా చేసేది ఈ "అంతే" అనే మాటే.

మరొక సంగతి. ఆ ఏడేళ్ళను వేదిక మీద ఏడు నిమిషాలలో చెప్పవచ్చు. వినేవారికి గెలుపు కనబడుతుంది, ఆ ఏడేళ్ళు ఇల్లు ఎలా గడిచిందో కనబడదు. అందుకే సభ నుండి "నేనూ గొప్పవాణ్ణవుతాను" అనే మాట తెచ్చుకున్నవాడు త్వరగా అలసిపోతాడు. "మా ఇంట్లో ఎవరి భుజం నొస్తోంది?" అనే ప్రశ్న తెచ్చుకున్నవాడు నిలబడతాడు. మా అభిప్రాయం ఇదే.

అయితే ఆసు పోసే తల్లి పట్నంలోని ఆ హాలుకు రాదు. టిక్కెట్టు ఉంటుంది, మాటలు సగం ఇంగ్లీషులో ఉంటాయి, ఆ రోజు కూలి పోతుంది. ఆమె రాకపోతే మనమే ఆమె దగ్గరకు వెళ్ళాలి. అహ్మదాబాదు ఐఐఎంలో ఆచార్యులుగా పనిచేసిన అనిల్ గుప్తా గారు శోధయాత్ర పేరుతో ఊరూరా నడిచి, రైతులూ చేతిపనివారూ సొంతంగా కనిపెట్టినవాటిని వెదికారు. మన తెలుగు నేల మీద పల్లె సృజన సంస్థవారు అదే దారిలో నడుస్తున్నారు.

మనమూ చిన్నగా మొదలుపెట్టుదాము. నెలకొక శనివారం సాయంత్రం మందిరం ముందు చెట్టు కింద కూర్చుందాము. మైకు అక్కరలేదు, బ్యానరు అక్కరలేదు. ఊరివారు ఎవరైనా రావచ్చు. ఒక్కరు 18 నిమిషాలు తన పని గురించి చెప్పాలి. మిరపకాయ కోతకు పోయే అక్క, తాపీ మేస్త్రీ, ఆశా కార్యకర్త, గొర్రెలు కాచే తాత, ఎవరైనా సరే. ఏ పనిలో ఒళ్ళు ఎక్కడ నొస్తుందో, ఏది మారితే బాగుంటుందో వారే చెప్పాలి. చదువుకున్న పిల్లలు నోరు మూసుకొని విని, కాగితం మీద రాసుకోవాలి.

అందులోనుండి యంత్రం పుట్టకపోవచ్చు. కూర్చునే పీట రెండు అంగుళాలు ఎత్తు పెరిగితే ఒక తల్లి నడుము నిలబడవచ్చు. అదీ ఆలోచనే. మన ఇంట్లో రోజూ కష్టపడుతున్న మనిషిని అడిగి, చివరిదాకా వినడం వరకు మన చేతిలో ఉన్నది.

మీ ఇంటి నుండి మొదట ఎవరు మాట్లాడతారో ఈ ఆదివారం మాకు చెప్పండి.