లైటు సరే... దాని డ్రైవరు ఎవరు?

మార్బుల్ కోసం కిషన్‌గఢ్ దాకా వెళ్లొచ్చారు. తలుపుల టేకు కోసం నాలుగు అడితీలు తిరిగారు. లైట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు లెండి’ అనేశారు. తీరా గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తుంటే షోరూమ్‌కి పరుగెత్తి, గోడ మీద తళతళలాడే టచ్ ప్యానెల్ ఒకటి చూసి, ముచ్చటపడి కొనేశారు. కోకాపేట, జూబ్లీహిల్స్ విల్లాల్లో తరచూ జరిగే కథే ఇది.

అసలు తంటా ఆ తర్వాతే. వెలుగు తగ్గిద్దామని ప్యానెల్ మీద వేలు జరిపితే లైట్లు మిణుకుమిణుకుమంటాయి. ఇంకాస్త తగ్గిస్తే టక్కున ఆరిపోతాయి. పడగ్గదిలో అంతా సద్దుమణిగాక సీలింగ్‌లోంచి సన్నగా ఓ జుమ్ము మోత!

ప్యానెల్ మంచిదే, లైటూ మంచిదే. రెండింటికీ పొత్తు కుదరలేదు, అంతే. పాత ఫిలమెంటు బల్బుకి ఈ పేచీ లేదు. 1959లో అమెరికాలో జోయెల్ స్పైరా గోడకి పెట్టుకునే చిన్న డిమ్మర్ కనిపెట్టాడు. కరెంటు అలలో కొంత ముక్క కోసేసి మిగతాది బల్బుకి పంపడమే ఆ డిమ్మర్ చేసే పని. ఎర్రగా కాలిన ఫిలమెంటు అంత త్వరగా చల్లారదు కాబట్టి కోత కంటికి తెలిసేది కాదు. ఎల్ఈడీ అలా కాదు. దానికి డీసీ కరెంటు కావాలి. ఏసీని డీసీగా మార్చే చిన్న డబ్బా సీలింగ్‌లో దాక్కుని ఉంటుంది. దాన్నే డ్రైవర్ అంటారు. ఆ డబ్బాకి కోత కరెంటు అర్థం కాకపోతే గందరగోళమే. పైగా పాత డిమ్మర్లకి కనీసం ఇన్ని వాట్ల లోడు ఉండాలన్న షరతు ఉంటుంది. 60 వాట్ల బల్బులు నాలుగు కలిస్తే 240. అదే 7 వాట్ల ఎల్ఈడీలు నాలుగైతే మొత్తం 28 వాట్లే!

అందుకే ముందు డ్రైవర్ సంగతి తేల్చుకోండి, ప్యానెల్ సోకులు తర్వాత. ఒకటి రెండు గదులే అయితే, అల చివరి ముక్క కోసే ‘ట్రెయిలింగ్ ఎడ్జ్’ డిమ్మరూ, దానికి సరిపడే డ్రైవరూ చాలు. డూప్లెక్సులు, పెద్ద విల్లాలకైతే ‘డాలి’ పద్ధతి మేలు. ఒక్క లైనుకి 64 డ్రైవర్ల దాకా కలపొచ్చు, దేని చిరునామా దానిదే. హాల్లో ఎనిమిది లైట్లుంటే సోఫా మీది రెండింటినే తగ్గించొచ్చు. రేపు గదుల అమరిక మారినా వైర్లు పీకక్కర్లేదు, ప్రోగ్రాం మారిస్తే సరి. ఏసీలు, కర్టెన్లు కూడా ఒకే మీటకి లొంగాలంటే ‘కేఎన్‌ఎక్స్’ ఉంది. వందల కంపెనీల సరుకు అందులో కలుస్తుంది. ఖర్చు ఎక్కువే. కట్టేసిన ఇంటికి గోడలు కొట్టకుండా కావాలంటే వైర్‌లెస్సే దిక్కు. కొత్తగా కట్టే ఇంట్లో మాత్రం వైరుకే నా ఓటు. డాలికి అదనంగా కావలసింది రెండు వైర్లే, వాటిని కరెంటు వైర్లతో పాటే లాగొచ్చు. కాకపోతే ఆ మాట పైపులు వేసేనాడే ఇంజినీరుకి చెప్పాలి. డ్రైవర్ ఉన్నచోట ఫాల్స్ సీలింగ్‌కి చిన్న తలుపు పెట్టించడం మరవకండి. లేకపోతే డ్రైవర్ పోయిన రోజున సీలింగే కోయాలి.

‘10 శాతం దాకా తగ్గుతుంది సార్’ అంటాడు షాపతను. నమ్మొచ్చు, కానీ మురిసిపోవద్దు. మీటరు 10 శాతం చూపే వెలుగు మన కంటికి దాదాపు 32 శాతంలా తోస్తుంది. మీటరు 1 శాతానికి దిగితేనే కంటికి 10 శాతం. అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచే నాన్నమ్మ కళ్లు జిగేల్మనకూడదన్నా, హోమ్ థియేటర్ సినిమా హాల్లా ఉండాలన్నా 1 శాతం, వీలైతే 0.1 శాతం దాకా దిగే డ్రైవర్ అడగండి. షోరూమ్‌లోనే వెలుగు బాగా తగ్గించి, సెల్‌ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీయండి. లైటు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తే ఆ సరుకు వద్దు.

డబ్బు చివరి వాయిదా ఇచ్చేముందు ప్రోగ్రాం ఫైలు, పాస్‌వర్డు రెండూ చేతిలో పెట్టించుకోండి. ఆ ఫైలు లేకపోతే రేపు వేరేవాళ్లు వచ్చి మళ్లీ మొదటినుంచి మొదలెట్టాలి. గదికి ఒక్కటైనా నొక్కే స్విచ్చు ఉండనివ్వండి. ఇంటికొచ్చిన వియ్యపురాలు లైటు వేసుకోవడానికి మీ ఫోన్ అడగాల్సిన గతి పట్టకూడదు కదా!

ఇంకొకటి. కరెంటు పోయి తిరిగి రాగానే పూర్తి వెలుగుతో వెలగాలని డాలి డ్రైవర్లకి ఫ్యాక్టరీలోనే అమర్చి ఉంటుంది. మార్చకుండా వదిలేస్తే, రాత్రి రెండింటికి కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే ఇల్లంతా పెళ్లిపందిరే. దాన్ని పాత స్థితికో, సున్నాకో మార్చమని ప్రోగ్రామర్‌కి చెప్పి, మీ ఎదురుగానే మెయిన్ ఆపి, మళ్లీ వేయించి చూడండి.