ఇంటి సర్వర్ ఒక అమానత్

సదుంలో మా ఇంటి సర్వర్ అంటే స్క్రీన్ పగిలిన ఒక పాత ల్యాప్‌టాప్. కువైట్‌లో ఉన్న భాయ్ పంపే ఫోటోలు, నికానామాలు, పట్టాదారు పాస్‌బుక్కు స్కాన్‌లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ దాంట్లోనే. దాదీ చెప్పిన కహానీల రికార్డింగులూ అక్కడే. దాదీ ఇప్పుడు లేరు. ఆ ఆవాజ్ పోతే మళ్లీ దొరకదు.

అందుకే ఖాందాన్‌లో ఏ కుర్రాడైనా "భాయ్, ర్యామ్ పెంచుతున్నా, కొత్త ప్రాసెసర్ వేస్తున్నా" అంటే, ముబారక్ చెప్పే ముందు ఒక సవాల్ అడుగుతా: నిన్నటి బ్యాకప్ నుంచి ఒక్క ఫోటో వెనక్కి తీసి చూపిస్తావా? చాలామంది ఖామోష్ అయిపోతారు. నా రాయ్ సాఫ్‌గా చెబుతున్నా, స్పీడు కన్నా ముందు హిఫాజత్ మీద పైసా పెట్టండి.

మన దగ్గర మొదటి దుష్మన్ కరెంటు. గాలివాన వస్తే పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. డేటా రాస్తున్న మధ్యలో ఆగితే ఫైళ్లు ఖరాబ్ అవుతాయి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది కాబట్టి గరీబోడి యూపీఎస్ అదే. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం వాడకం ఆ రోజే బంద్, నిప్పు ఖత్రా ఉంది. డెస్క్‌టాప్ అయితే చిన్న యూపీఎస్ కొని, యూఎస్‌బీ తీగతో కలపండి. నట్ అనే ముఫ్త్ సాఫ్ట్‌వేర్ వేస్తే, ఛార్జ్ అయిపోకముందే సర్వర్ తనంతట తానే సలీఖాగా ఆగిపోతుంది.

బిల్లు హిసాబ్ కూడా చూడండి. 100 వాట్లు తినే పాత డెస్క్‌టాప్ రోజంతా నడిస్తే నెలకు 72 యూనిట్లు. 10 వాట్ల మినీ పీసీకి 7 యూనిట్లు చాలు. ఫోటోలు, కాగితాలు దాచడానికి అది కాఫీ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఖతం అయింది కదా, అలా మూలపడ్డ ల్యాప్‌టాప్‌ను కబాడీకి ఇవ్వకండి. డెబియన్ వేస్తే ఇంకొన్నేళ్లు ఖిద్మత్ చేస్తుంది. మిగిలిన పైసాతో ఇంకో డిస్కు కొనండి.

కొందరు రెండు డిస్కులను రెయిడ్‌లో జోడించి బేఫికర్‌గా ఉంటారు. ఒక డిస్కు చచ్చిపోతే అది కాపాడుతుంది, సహీ. కానీ పిల్లాడు ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ ఒకేసారి పోతుంది. కాబట్టి మూడు కాపీలు, రెండు రకాల సామాను మీద, ఒకటి ఇంటి బయట. మా బయటి కాపీ పుంగనూరులో ఖాలా ఇంట్లో ఉంటుంది, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులో. నెలకోసారి వెళ్లి మార్చుకొస్తాం. స్మార్ట్ రిపోర్టులో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల అంకెలు పెరుగుతుంటే ఆ డిస్కు రుఖ్సత్ అడుగుతోందని అర్థం. ఇంక దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

"క్లౌడ్ ఉందిగా, ఇదంతా ఎందుకు?" అనేవాళ్లున్నారు. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి కొత్త ఫోటోలకు హద్దులేని ముఫ్త్ జాగా ఆపేసింది. ఇప్పుడు 15 జీబీ దాటితే కిరాయి కట్టాలి. కట్టి వాడుకుంటే నాకు ఏతరాజ్ లేదు, ఆ మూడు కాపీల్లో దాన్నీ ఒకటిగా లెక్కేయండి. అంతా దాని మీదే వదిలేస్తేనే ఫికర్.

అన్నిటికన్నా పెద్ద కమ్జోరీ ఇంకోటుంది. సర్వర్ పెట్టిన కొడుకు గల్ఫ్‌కు పోతాడు, పాస్‌వర్డ్ అతని దిమాగ్‌లోనే ఉంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్లకు ఆ డబ్బా ఇనుపముక్కతో సమానం. ఏది ఎక్కడుందో, ఎలా తెరవాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి, పొలం కాగితాలున్న ట్రంకుపెట్టెలో పెట్టండి. అమ్మీకో, చెల్లెలికో నేర్పండి. మీరు చేయి పెట్టకుండా చెల్లెలు ఒక్కతే బ్యాకప్ నుంచి ఫోటో వెనక్కి తీయగలిగిన రోజున, కొత్త ప్రాసెసర్ సంగతి షౌక్‌గా మాట్లాడుకుందాం.